పెద్దబాపు రాడార్‌లో చూసిన చుక్క

మా గల్లీలో పెద్దబాపును తబక్డీ కాకా అంటారు. మరాఠీలో తబక్డీ అంటే పళ్లెం. ఆకాశంలో ఎగిరే పళ్లేనికి కూడా ఇక్కడివాళ్లు వాడే మాట అదే. పెద్దబాపు ఎగిరే పళ్లెం చూశానని ఎప్పుడూ అనలేదు. విమానం రాడార్ తెర మీద ఒక చుక్క చూశాననీ, అది ఏమిటో ఇప్పటికీ తెలియదనీ మాత్రమే అన్నాడు. ఆ ముక్క పక్కింటి మరాఠీ కాకూ చెవిన పడి, ఆమె నోటి నుంచి గల్లీలోకి వెళ్లేసరికి చుక్క కాస్తా పళ్లెమైంది. పిల్లలు ఆడే క్రికెట్ బంతి మా మిద్దె మీద పడినప్పుడల్లా కింది నుంచి "కాకా, తబక్డీ ఆలీ!" అని అరుస్తారు. పళ్లెం వచ్చిందట. పెద్దబాపు బంతి వెతికి విసిరేస్తాడు. కోపగించుకోగా నేను చూడలేదు.

ఆయన మా బాపుకు అన్న. కుండల్‌వాడి దగ్గర మా ఊరి నుంచి వైమానిక దళంలో చేరిన మొదటి మనిషి. పెద్ద సరుకు విమానాల్లో వెనక కూర్చుని రేడియో, రాడార్ చూసుకునేవాడు. ఉద్యోగం ముగిశాక నాందేడ్ వచ్చి, రైల్వేలో గుమాస్తాగా ఉన్న తమ్ముడి ఇంటి పై అంతస్తులో పెద్దమ్మతో కలిసి ఉంటున్నాడు. కింద మేము. నేను ఎం.ఏ. అయ్యాక పరీక్షలకు చదువుతున్నాను. పొద్దున అభ్యాసికకు వెళ్తాను. అభ్యాసిక అంటే డబ్బు కట్టి ఒక కుర్చీ, బల్ల తీసుకునే చదువుల హాలు. అక్కడ అందరూ గొంతు లేనట్టు ఉంటారు కాబట్టి నాకు ఆ చోటు నచ్చుతుంది. బల్ల మీద పరీక్ష గైడు తెరిచి ఉంటుంది, దాని కింద నేను నిజంగా చదివే పుస్తకం. ఇంటికి వచ్చాక డైరీ. నోటితో చెప్పాల్సినవి కూడా చాలావరకు అందులోనే పెట్టేస్తాను.

పెద్దబాపు తన సంగతి నాకు చెప్పడానికి కారణం అదే అనుకుంటాను. నేను మధ్యలో మాట్లాడను.

ఆ సంగతి ఇది. అప్పుడు ఆయనకు కొత్తగా పెళ్లయింది. సముద్రం మీదుగా దీవుల వైపు వెళ్తున్న విమానం. మధ్యాహ్నం, ఎండ, మబ్బు లేని ఆకాశం. ఆ రోజుల్లో రాడార్ తెర పగటి వెలుతురులో సరిగా కనిపించదు కాబట్టి దాని చుట్టూ నల్లటి రబ్బరు తొడుగు ఉండేది. అందులో ముఖం పెట్టి చూడాలి. పచ్చటి గీత ఒకటి అటూ ఇటూ ఊడుస్తూ ఉంటుంది, దారిలో ఏదైనా తగిలితే అక్కడ వెలుగు నిలుస్తుంది. మబ్బు అయితే వెలుగు దూది పింజలా చెదిరి ఉంటుందట. ఓడ అయితే గట్టిగా, చిన్నగా ఉంటుంది. ఆయనకు ముందు కుడిపక్కన గట్టి చుక్క ఒకటి కనిపించింది. ఓడ అనుకున్నాడు. అలా అనుకున్నప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. రాడార్ చూపును మీట తిప్పి కొంచెం పైకి ఎత్తాలి. నీటి మీద ఉన్నది ఏదైనా తెర మీది నుంచి పోతుంది. ఎత్తాడు. చుక్క పోలేదు. ఇంకాస్త ఎత్తాడు. అయినా పోలేదు. అంటే అది గాలిలో ఉంది.

ఇక్కడ పెద్దబాపు ఎప్పుడూ ఆగి చెప్పే మాట ఒకటి ఉంది.

"బిడ్డా, మాకు నేర్పిందేంది? తెర మీద ఉన్నది జెప్పాలె. ఏ దిక్కు, ఎంత దూరం. గంతే. అది ఇమానమా, పిట్టనా, దయ్యమా, నువ్వు జెప్పొద్దు. అది అద్దంలకెల్లి జూసెటోడు జెప్తడు."

కాబట్టి ఆయన ముందు కూర్చున్న కెప్టెన్‌కు చెవి ఫోన్‌లో దిక్కు, దూరం చెప్పాడు. కెప్టెన్ అద్దంలోంచి చూసి ఏమీ లేదన్నాడు. అయినా విమానాన్ని ఆ వైపు తిప్పాడు. చుక్క దగ్గర పడలేదు. వీళ్లు తిరిగితే అదీ తిరిగినట్టు, అంతే దూరంలో ముందు ఉండిపోయింది. కొంతసేపటికి, గీత ఒకసారి ఊడ్చి మళ్లీ వచ్చేలోపు, తెర అంచుకు చేరింది. ఆ తర్వాతి ఊడ్పులో లేదు. విమానాలు అలా వెళ్లవు.

నాకు చెప్పేటప్పుడు ఆయన అక్కడే ఆపేస్తాడు. ఆ తర్వాతి కథ అమ్మ చెప్పగా తెలుసు. తిరిగొచ్చాక పై అధికారులు పిలిచి అడిగారు. ఆయన చెప్పాడు. కళ్లకు, తలకు పరీక్షలు చేయించారు. ఏ లోపమూ దొరకలేదు, అయినా మళ్లీ విమానం ఎక్కించలేదు. మిగిలిన ఉద్యోగమంతా నేల మీదే చేశాడు. ఈలోపు ఊళ్లో అల్లుడికి తల తిరిగిందనే మాట పుట్టింది. పుట్టింటి ఊరు ఉమ్రి నుంచి పెద్దమ్మ అన్నలు రైలెక్కి వచ్చి, చెల్లెల్ని తీసుకెళ్తామన్నారు. పెద్దమ్మ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఎవరికీ చెప్పలేదు. అయితే భర్త మాట నమ్మి ఉండిపోలేదన్నది మాత్రం అందరికీ తెలుసు. ఆయన ఆ కథ ఎత్తుకుంటే చాలు, ఆమె వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేస్తుంది. పల్లి పొడి అవసరం ఉన్నా లేకున్నా.

ఇలాంటివి మరెక్కడైనా జరిగాయా అని నేను చాలా వెతికి చదివాను. ఎన్నో దేశాల విమానాల సిబ్బంది రాడార్ మీద ఇలాంటివి చూశారు, వాటికి చాలాసార్లు మామూలు కారణమే దొరికింది, కొన్నిసార్లు ఏదీ దొరకలేదు. చుక్కల కంటే నన్ను పట్టుకున్నది ఆ మనుషులు. ఇంటికి వెళ్లాక వాళ్ల మాట ఎవరు విన్నారన్నది ఎక్కడా రాసి ఉండదు.

మొన్నటి మాఘంలో ఒక పొద్దున పెద్దబాపు మిద్దె మీద నుంచి నన్ను పిలిచాడు. అప్పటికి ఆయనకు కంట్లో శుక్లం ఆపరేషన్ అయి కొద్ది రోజులే. నల్ల కళ్లజోడు పెట్టుకుని, దుమ్ములోకి వెళ్లొద్దన్న డాక్టర్ మాటకు ఇంట్లోనే తిరుగుతున్నాడు.

"బిడ్డా, సాబ్ అస్తుండు. గురుద్వారకు. పొద్దుగాల ఫోన్ జేసిండు."

"ఏ సాబ్ పెద్దబాపు?"

"ఏ సాబ్ అంటవేందే! మా కెప్టెన్ సాబ్. ఆ దినం ముంగట కూసున్నది ఆయననే."

పంజాబ్ నుంచి రోజూ ఎంతోమంది యాత్రికులు దిగే ఊరు మాది. స్టేషన్ బయట ఏ వేళలో చూసినా రంగు రంగుల తలపాగాలే. వాళ్లలో ఒకడిగా ఆ మనిషి వస్తాడని పెద్దబాపు ఇన్నేళ్లూ ఎదురు చూశాడేమో నాకు తెలియదు.

"నాకు ఇంకేం అద్దు బిడ్డా. మీ పెద్దమ్మ ముంగట ఆయన ఒక్క మాట జెప్పాలె. అవు, ఈడు జెప్పింది నిజం అనాలె. అంతే."

"ఫోన్‌లో ఎన్నడూ అడగలేదా?"

"సాబ్‌ను ఫోన్‌ల అడుగుతరా గవన్నీ? కొత్త సాలుకు ఫోన్ జేస్తా, బాగున్నరా అంటా, బాగున్న అంటడు. ఆయన ఆఫీసర్, నేను ఎన్క కూసున్నోన్ని."

అన్నం తింటున్నప్పుడు ఈ కబురు కింద మా ఇంట్లోనూ తెలిసింది. బాపుకు అన్నను ఆటపట్టించడమంటే మహా ఇష్టం.

"ఇగ సాక్షి దొరికిండు పో అన్నా. పంచనామ జేద్దామా?"

"నువ్వు నోరు మూసుకోరా."

"కొత్త కన్ను గూడ ఏయించుకుంటివి. పాత కన్నుకే గంత కనవడె, ఇగ దీనికి ఇంకేమేం కనవడ్తదో."

పెద్దమ్మ మెట్లు దిగి వచ్చి పుంటికూర కట్టలు నా ముందు పడేసింది.

"దూయి. సరే గని, ఆయన దేవుని దగ్గరికి అస్తుండా, ఈయన చుక్క దగ్గరికి అస్తుండా? అడిగిండ్రా ఎవరన్న?"

ఆమె మళ్లీ అంది. "మనిషి ఇంటికస్తే మంచిగ అన్నం వెట్టి పంపుదం. ఆ ముచ్చట ఎత్తకుండ్రి. నలుగుట్ల ఆయన గూడ నాకేం కనవడలే అంటే, ఈయన మొకం ఎక్కడ వెట్టుకుంటడు?"

అప్పుడు నాకు అర్థమైంది. పెద్దమ్మ మిక్సీ వేసేది కోపంతో అనుకునేదాన్ని. అందులో భయం కూడా ఉంది.

మరునాడు పదకొండు గంటలప్పుడు నేను ఆటోలో వెళ్లి, కెప్టెన్ గారు దిగిన యాత్రీ నివాస్ గేటు వైపు నడిచాను. కొత్తవాళ్లను పలకరించడం నాకు కష్టం. ఆయన తనను వెతికే పని కూడా నాకు పెట్టలేదు. ఎత్తైన మనిషి, తెల్లటి గడ్డం, నీలం తలపాగా, చేతికర్ర. నన్ను చూస్తూనే, "నువ్వు నడిచే తీరు అచ్చం మీ పెద్దబాపుదే, అడుగు వేసే ముందు అనుమతి అడుగుతున్నట్టు," అన్నారు హిందీలో. కొడుకూ కోడలూ ఊళ్లోని మిగతా గురుద్వారాలు చూడటానికి బస్సులో వెళ్లారట, మోకాళ్ల వల్ల తాను వెళ్లలేదట.

ఆటోలో ఆయన ఆగకుండా మాట్లాడారు. నాకు ఆయన హిందీ బాగానే అర్థమైంది, తిరిగి మాట్లాడటమే కష్టం. ఏం చదువుతున్నావన్నారు, చెప్పాను. పెద్దబాపు కంటి సంగతి అడిగారు, చెప్పాను. తర్వాత, "ఆ రోజు సంగతి ఇంకా చెబుతుంటాడా?" అన్నారు.

"చెప్తాడు."

"ఏమంటారు మీ వాళ్లు?"

సాధారణంగా ఇలాంటి చోట నేను నవ్వి ఊరుకుంటాను. ఆ రోజెందుకో ఊరుకోలేదు. గల్లీలో ఆయనకున్న పేరు చెప్పాను. ఉమ్రి నుంచి వచ్చిన అన్నల సంగతి చెప్పాను. పెద్దమ్మ ముందు మీ నోట ఒక్క మాట వినాలని ఆయన ఆశ అని కూడా చెప్పేశాను. ఆటో చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోయాయనే అనుకున్నాను. ఆయన మాత్రం అన్నీ విన్నారు. చెరుకు రసం బండ్ల వైపు ఒకసారి చూసి, నా తల మీద చెయ్యి వేశారు.

"ఏక్ బాత్? దస్ బోలూంగా, బేటీ."

ఒక్క మాటేమిటి, పది చెబుతానని.

పెద్దబాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లజోడు. కెప్టెన్ గారిని చూసి ముందు సెల్యూట్ చేయబోయాడు, ఈలోపే ఆయన కర్ర వదిలేసి రెండు చేతులా కౌగిలించుకున్నారు. కర్ర దొర్లి బాపు కాళ్ల దగ్గర పడింది. బాపు దాన్ని తీసి పట్టుకుని, ఏం చేయాలో తెలియక, ఆ కౌగిలి అయ్యేదాకా కావలివాడిలా నిలబడ్డాడు.

భోజనానికి జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, వంకాయ, పోలెలు అనే బొబ్బట్లు. పెద్దమ్మ వడ్డిస్తోంది, నేను నీళ్లు అందిస్తున్నాను. కాకూ గిన్నె తిరిగిచ్చే నెపంతో వచ్చి, ఇచ్చేసిన తర్వాత కూడా గుమ్మం దగ్గరే ఉండిపోయింది. పాత ముచ్చట్లు నడిచాయి. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు పోయారు. పెద్దబాపు తన ముచ్చట ఎత్తలేదు. ఆయన కూర కలుపుకుంటున్నాడు, తినడం లేదు. పెద్దమ్మ రెండుసార్లు చూసింది.

ముందుగా ఎత్తింది కెప్టెన్ గారే. ఆ మాటలు హిందీలో నడిచాయి, నేను తెలుగులో రాస్తున్నాను. పెద్దమ్మ వైపు తిరిగి అన్నారు:

"అమ్మా, ఆ రోజు నేనూ ఉన్నాను. మీ ఆయన చెప్పింది నిజం."

పెద్దమ్మ చేతిలో గరిట ఆగింది. పెద్దబాపు తల వంచుకున్నాడు. నల్ల అద్దాల కింద ఏముందో నాకు కనిపించలేదు గాని, ఆయన కింది పెదవి పంటి కిందికి పోయింది. కెప్టెన్ గారు అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కాని ఆయన నాకు పది మాటలు చెబుతానన్నారు కదా.

"నేను కళ్లారా చూశాను. అబ్బ, ఏం వెలుగు! పచ్చటి వెలుగు. పెద్ద థాలీ అంత గుండ్రంగా. మా విమానం చుట్టూ తిరిగింది, ఇలా, ఇలా..."

చేత్తో రొట్టె చుట్టూ తిప్పి చూపించారు. బాపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. గుమ్మం దగ్గర కాకూ ఆనందం పట్టలేకపోయింది.

"బఘా! మీ మ్హణత్ హోతే నా? తబక్డీచ్ హోతీ!"

చూశారా, నేను అంటూనే ఉన్నాను, పళ్లెమే అది అని. కెప్టెన్ గారు ఆమెకు తల ఊపారు. "అవును తల్లీ, థాలీయే."

నేను పెద్దబాపు వైపు చూశాను. ఆయన కోరుకున్న సాక్షి దొరికాడు. కోరుకున్న దానికంటే ఎక్కువే దొరికింది. ఇక గల్లీలో ఎవరూ నోరెత్తరు. పెద్దబాపు తల ఊపితే చాలు.

ఆయన చేయి కడిగేసుకున్నాడు, పళ్లెంలోనే.

"నహీ సాబ్."

"ఏమిటి?"

"వెలుగు లేదు సాబ్. మీకు ఏమీ కనబడలేదు. మీరు నాతో చెవి ఫోన్‌లో అన్నారు, ఆకాశం ఖాళీగా ఉంది అని."

"నీకు గుర్తు లేదు, నేను..."

"నాకు గుర్తుంది సాబ్. చుట్టూ తిరగలేదు. ముందే ఉంది. కుడిపక్కన. చుక్క. అంతే."

పెద్దబాపు తన కెప్టెన్ మాటకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి అయి ఉంటుంది. గొంతు చాలా చిన్నగా ఉంది. ముందుగా తేరుకున్నది బాపే. తెలుగులో గొణిగాడు. "అన్నా, ఏందే నువ్వు! ఆయన ఇస్తుంటే తీస్కోవేంది?"

"ఇచ్చేదేందిరా. లేనిది ఉన్నది అంటే, నేను జూసింది గూడ లేనిదే అయితది."

కెప్టెన్ గారి ముఖం ఎర్రబడింది. పెద్దవాళ్లు అలా ఎర్రబడటం నేను చూడలేను. నా వైపు ఒకసారి చూశారు, నింద లేదు అందులో. గడ్డం మీద చెయ్యి వేసుకున్నారు. తర్వాత పెద్దమ్మతోనే, ఈసారి నెమ్మదిగా అన్నారు.

"అమ్మా, ఆయన చెప్పేదే సరి. నేనేమీ చూడలేదు. అద్దంలోంచి చాలాసేపు చూశాను. ఖాళీ. పై వాళ్లు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, నువ్వు చూశావా అని. లేదన్నాను. అది నిజం. ఇంకో ప్రశ్న అడగలేదు. చూడకపోతే విమానం ఎందుకు తిప్పావని ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు."

"కాయ్కు ఫిరాయే?" పెద్దమ్మ మన దక్కనీలో అడిగింది. ఎందుకు తిప్పారని.

"ఈయన చెప్పాడు కాబట్టి. వెనక నిండా జవాన్లున్నారు, కింద సముద్రం. దారి వదిలి తిప్పాను. ఇంకెవరైనా అయితే తెర తుడుచుకో అని ఉండేవాణ్ని."

పెద్దమ్మ గరిట గిన్నెలో పెట్టింది. ఆమె కళ్లు ఇంకా ఆయన మీదే ఉన్నాయి.

"ఫిర్ డాక్టర్ కే పాస్ కాయ్కు భేజే ఇన్కు?" మరి ఈయన్ని డాక్టర్ దగ్గరికి ఎందుకు పంపారని.

"తెలియదు అన్నాడు కాబట్టి, అమ్మా. ఆఫీసుకు ఆ మాట పడదు. నా ముందే ఆయనకు చెప్పారు, మబ్బు అని ఒప్పుకో, రేపటి నుంచి మళ్లీ ఎగురు అని. నేనూ బతిమాలాను. మబ్బు కాదు అంటాడు. మరేమిటి అంటే తెలియదు అంటాడు. రెండే మాటలు. ఎన్నిసార్లు అడిగినా ఆ రెండే."

పెద్దబాపు తలెత్తలేదు. చెయ్యకూడని పని బయటపడ్డవాడిలా కూర్చున్నాడు. కాకూ ఎప్పుడు వెళ్లిపోయిందో నేను గమనించలేదు. పెద్దమ్మ కెప్టెన్ గారి పళ్లెంలో ఇంకో పోలె వేసి, దాని మీద నెయ్యి పోసింది, చాలు చాలంటున్నా వినకుండా. ఆయన తిన్నారు. తింటున్నప్పుడు కళ్లు తుడుచుకున్నారు, పుంటికూర కారం అన్నారు. కారం ఉన్నమాట నిజమే.

వెళ్లేటప్పుడు కెప్టెన్ గారూ పెద్దబాపూ గల్లీ చివరి దాకా నడిచారు, దుమ్ము సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తులేదు. కెప్టెన్ గారి కొడుకు అద్దె కారు తెచ్చాడు. కారెక్కే ముందు ఆయన ఏదో అన్నారు, పెద్దబాపు నవ్వాడు. ఏమన్నారో నేను దూరంగా ఉండి వినలేదు, తర్వాత అడగలేదు.

తిరిగొచ్చి పెద్దబాపు పైన దివాన్ మీద కూర్చున్నాడు. కంట్లో చుక్కల మందు వేయడానికి నేను వెళ్లాను. పెద్దమ్మ కింద కూర్చుని పల్లీలు వలుస్తోంది. బాపు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ ఒక కాయ పగలగొట్టి భర్త వైపు చూసింది.

"మబ్బు అంటే ఏం పోతుండె నీకు?"

"మబ్బు గాదు గద."

"గాకుంటే గాకపాయె. ఒక్క మాటకు కొల్వు ఉంటుండె. మా అన్నలు ఉమ్రికెల్లి ఉరికచ్చిండ్రు. నేను ఎంత ఏడ్సిన్నో ఎర్కేనా?"

"ఎర్కే."

"ఏం ఎర్క! నన్ను పిచ్చోనికిచ్చి జేసిండ్రని ఏడ్సిన. ఉట్టి మొండోడని ముందుగాల్నే ఎర్కుంటే గంతగనం ఏడుద్దునా?"

బాపు పక్కున నవ్వాడు. "వదినా, మొండోడైతే ఏడ్వకపోతివా?"

"మొండోన్ని ఏగొచ్చు మరిదీ. మీ ఇంట్ల అందరు గంతే గద." మళ్లీ భర్త వైపు తిరిగింది. "గీ మాట నాకెందుకు జెప్పలే? వాళ్లు మబ్బు అనమన్నరని?"

"ఏనాడన్న ఆడిదాంక ఇన్నవే నువ్వు?"

పెద్దమ్మ ఇంకో కాయ తీసుకుంది. బాపు ఇక నవ్వకుండా కిందికి వెళ్లిపోయాడు. నేను మందు వేసి, కన్ను మూసుకోమని చెప్పి, సీసా మూత వెతుకుతున్నాను.

"మల్ల అచ్చిందా అది?" అంది పెద్దమ్మ.

"ఏది?"

"అదే."

"ఏమో."

"ఏమో ఏంది? మల్ల జూడలేవా?"

"యాడికెల్లి జూస్త? నన్ను కింద గూసోవెట్టిండ్రు గద."

ఆమె చేతిలోని కాయ పగల్లేదు. అలాగే పట్టుకుంది.

"జూడాలని ఉండెనా?"

పెద్దబాపు మూసిన కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఉండె," అన్నాడు. "ఇప్పటికి ఉన్నది. ఒక్కసారి మల్ల కనవడితే, ఇంకొంచెం మంచిగ జూద్దును."

వాళ్లిద్దరి మధ్య ఇక నేను నిలబడకూడదనిపించింది. తాగిన గ్లాసులు తీసుకుని మెట్లు దిగాను. సగం మెట్ల మీద ఉండగా పెద్దబాపు గొంతు మొదలైంది, రబ్బరు తొడుగు నుంచి, ఎండ నుంచి, మొదటి నుంచి. పెద్దమ్మ మధ్యలో ఆపింది.

"ఆగు. ఏ దిక్కు అన్నవు?"

"కుడిదిక్కు."

"ఊఁ. జెప్పు."